కారం పట్టిన నీళ్ల గిర్ని

నెక్కొండ స్టేషన్‌లో దిగి, తూముపల్లె ఆటో ఎక్కి, నీళ్ల గిర్ని కాడ దింపమని చెబితే డ్రైవర్ ఒకసారి వెనక్కి తిరిగి జాలిగా చూస్తాడు. హెప్సిబా దగ్గరికి పోతున్నారు కాబట్టి ఇక సాయంత్రం దాకా మీ పని అంతేనని ఆ చూపుకు అర్థం. గిర్ని చూడడానికి ఎంతోసేపు పట్టదు. చెరువు తూముకు దిగువన ఒక రాతి గది ఉంటుంది. గది కింద గొయ్యి, గొయ్యిలో పడుకోబెట్టినట్టుండే తుమ్మచెక్క చక్రం, దాని నడుమ నుంచి పైకి లేచిన ఇరుసు, ఇరుసు మీద రెండు పెద్ద రాళ్లు. కాలువ నీళ్లు వచ్చి చక్రాన్ని కొడితే పైరాయి తిరుగుతుంది, పిండి రాలుతుంది. ఉన్నది అంతే. మిగిలిన పొద్దంతా హెప్సిబా చెప్పే చరిత్రకు పోతుంది.

ఆ చరిత్ర కూడా వచ్చినవాళ్లను బట్టి మారుతూ ఉంటుంది. రామప్ప గుడి చూసి ఆ ఊపులో ఇటు వచ్చినవాళ్లకు ఇది కాకతీయుల నాటిదనీ, సైన్యమంతటికీ పిండి ఇక్కడే పట్టారనీ చెబుతుంది. చర్చి వాళ్లు వస్తే, పాదిరి దొరకు దేవదూత కలలోకి వచ్చి చక్రం బొమ్మ గీసి చూపించాడంటుంది. కాలేజీ పిల్లలు వస్తే, ఇలాంటిది ఇంగ్లాండ్‌లో ఇంకొక్కటే ఉందనీ, అదీ పాడుబడిందనీ అంటుంది. ఇంగ్లాండ్ సంగతి నీకెట్ల తెలుసని ఒక పిల్ల అడిగితే, నువ్వేమన్నా పోయి చూసొచ్చినవా అని ఎదురడిగింది. 

ఇన్ని చెప్పే మనిషి, మొన్న చర్చిలో కోత పండుగనాడు ఆ గిర్ని పిండితో ఏం జరిగిందో మాత్రం ఎవరికీ చెప్పదు. ఎంత గుచ్చి అడిగినా మాట మార్చి, మూలనున్న కరెంటు గిర్ని మోటార్ వేస్తుంది. కాబట్టి అది మనమే చెప్పుకోవాలి.

అసలు చరిత్రలో దేవదూతలూ లేరు, కాకతీయులూ లేరు. నిజాం కాలంలో ఊరికి ఒక తెల్ల పాదిరి వచ్చాడు. ఆయన పేరుకు ఎవరికీ నోరు తిరగక గడ్డం దొర అన్నారు, అదే ఉండిపోయింది. దొర పొద్దున్నే ప్రార్థనకు గంట కొడితే ఒక్క ఆడమనిషీ వచ్చేది కాదు. సంగతేమిటని చూస్తే, ఇంటింటా ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతూ పాటలు పాడుకుంటున్నారు. వీళ్ల ఆత్మల రక్షణకు అడ్డం ఆ రాయేనని దొర తేల్చుకున్నాడు. పెద్దకాలువ నుంచి ఒక పిల్లకాలువ తవ్వించి, రాళ్లు కొట్టించి, ఊరి వడ్రంగులతో చక్రం చెక్కించి గిర్ని కట్టాడు. ఇక విసిరే పని లేదు కనుక అందరూ తీరిగ్గా ప్రార్థనకు వస్తారని ఆయన ఆశ. ఆడవాళ్లు గంపలెత్తుకుని గిర్నికి వచ్చారు. తమ వంతు వచ్చేదాకా కూర్చుని ఊరందరి సంగతులూ మాట్లాడుకున్నారు. పక్కనే గంట మోగుతుంటే ఇంకాస్త గొంతు పెంచి మాట్లాడుకున్నారు. దొర కొన్నేళ్లు చూసీ చూసీ, గడ్డం బాగా నెరిశాక గిర్నిని తన వంటమనిషికి అప్పజెప్పి రైలెక్కి పోయాడు.

ఆ వంటమనిషి కోడలు లిదియమ్మ. లిదియమ్మ కొడుకు జ్ఞానప్రకాశం. జ్ఞానప్రకాశం పెండ్లాం హెప్సిబా. జాగా చర్చిది, చాకిరీ వీళ్లది. లిదియమ్మ కాలంలోనే చెరువు పూడిపోయి పిల్లకాలువకు నీళ్లు అందడం మానేశాయి. కొయ్య చక్రం చీకి విరిగిపోయింది. ఆమె ఏడుస్తూ కూర్చునే రకం కాదు. అదే గదిలో ఒక మూలన కరెంటు మోటార్ పెట్టించి, చిన్న రాళ్ల గిర్ని బిగించి, పిండీ కారమూ పసుపూ పట్టడం మొదలుపెట్టింది. పాత నీళ్ల రాళ్ల మీద మాత్రం చెయ్యి వేయనిచ్చేది కాదు. వాటి మీద పొరపాటున కూడా కారం పట్టొద్దని కోడలికి వందసార్లు చెప్పి ఉంటుంది. ముసలామె చాదస్తమని కోడలు వందసార్లూ తలూపింది.

హెప్సిబాది వరంగల్‌లో మట్టెవాడ. పెండ్లి కుదిర్చిన పెద్దమనిషి అబ్బాయికి గిర్ని ఉందని చెబితే, ఆమె తండ్రి రైస్‌మిల్లు అనుకుని సంబరపడి సంబంధం ఖాయం చేశాడు. పెండ్లిచూపులకు జ్ఞానప్రకాశం పని మధ్యలో లేచి వచ్చాడనీ, పిండి మూలాన తెల్లగా దొరబాబులా కనిపించాడనీ, పెండ్లయి ఇంటికొచ్చి స్నానం చేసి వస్తే ఈ నల్లటాయన ఎవరని అత్తను అడిగాననీ హెప్సిబా చెబుతుంది. నమ్మాలో వద్దో మీ ఇష్టం. రాతిగది చూసి మొదటి వారమంతా అలిగింది. రెండో వారానికి అత్త పక్కన కూర్చుని తూకం వేస్తోంది. ఏడాది తిరిగేసరికి అత్త కంటే గట్టిగా కసురుతోంది.

ఆ మనిషి సంగతుల్లో ఒకటి గుర్తు పెట్టుకోవాలి. మన దిక్కు మిరపకాయ ఎట్లాంటిదో తెలిసిందే. కారం పట్టే రోజుల్లో గిర్నికి వచ్చిన వాళ్లు ముక్కుకు రుమాలు కట్టుకుని రోడ్డు మీదనే నిలబడతారు. హెప్సిబా మాత్రం ఆ ఎర్రటి దుమ్ములోనే కూర్చుని అన్నం తింటుంది. తుమ్మదు, దగ్గదు, కంట్లో తడి కూడా రాదు. ఏండ్ల తరబడి కారం పీల్చి పీల్చి ఆమె కండ్లకు అది అలవాటైపోయింది. చిక్కేమిటంటే కారానికే కాదు, మరి దేనికీ ఆమె కన్ను చెమ్మగిల్లడం ఊళ్లో ఎవరూ చూడలేదు. అత్త పోయినప్పుడు ఏడవలేదు. ఏడేళ్ల కింద మొగుడు పోయినప్పుడూ ఏడవలేదు. దానిది గుండె కాదు, గిర్ని రాయి అని సమాధుల కాడ ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆ గుసగుస విని, రాయైతే మంచిదే కదా, అరగదు అని వాళ్లకే జవాబు చెప్పి వచ్చింది.

జ్ఞానప్రకాశం మంచి మనిషి. మంచివాడు అంటే నోరు లేనివాడని మన దగ్గర అర్థం కదా, అట్లాంటి మంచివాడు. ఇరవై ఏండ్ల కింద ఒక వానాకాలం చెరువు నిండి మత్తడి దూకింది. ఈసారి నీళ్ల గిర్ని తిప్పుదామని ఆయనకు బుద్ధి పుట్టింది. తుమ్మ మొద్దులు తెచ్చుకుని, పాత చక్రం ముక్కలు ముందు పెట్టుకుని, ఎండాకాలమంతా కూర్చుని కొత్త చక్రం చెక్కాడు. మొదటిసారి తిప్పేనాడు ఊరంతా వచ్చింది. పిల్లకాలువలో నీళ్లు వచ్చాయి గానీ సన్నగా వచ్చాయి. చక్రం పావు చుట్టు తిరిగి, ఆలోచించి, ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ ఆగింది. జనం నవ్వుకుంటూ ఇండ్లకు పోయారు.

నీళ్లు వస్తలేవు, చక్రం తప్పు కాదు అని ఆయన అన్నాడు. పిల్లకాలువ గిర్నికి వచ్చే దారిలో ఆయన చిన్నాయన కొడుకు ప్రవీణ్ పొలం గట్టు అడ్డం ఉంటుంది, గట్టు కిందుగా నీళ్లు రావడానికి ఒక పాత గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలో ఏదో అడ్డం పడిందని ఆయన అనుమానం. గట్టు తవ్వి చూద్దామంటే ప్రవీణ్ పంట పోతుందన్నాడు. హెప్సిబా కూడా మరిది దిక్కే మాట్లాడింది. చేతగానోడు నీళ్ల మీద నెపం పెడతాడని నలుగురిలో అనేసింది. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. సైకిల్ పంక్చరైనా, తలుపు గడియ ఊడినా, నీ చక్రం లెక్కనే ఉందని ఎత్తిపొడిచేది. అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. మళ్లీ ఉలి మాత్రం పట్టలేదు. ఏటా కాలువకు నీళ్లు వదిలిన రోజున గొయ్యిలోకి దిగి కాసేపు చక్రం పక్కన కూర్చుని వచ్చేవాడు, అంతే.

ఇక మొన్నటి సంగతి. ప్రవీణ్ ఇప్పుడు చర్చి సంఘానికి సెక్రటరీ, ఎరువుల దుకాణం ఓనర్, ఊళ్లో ఎవరి పెండ్లి కార్డులోనైనా పేరు ఉండాల్సిన మనిషి. జనవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగు పెట్టి, గిర్ని కూలగొట్టి ఆ జాగాలో ఫంక్షన్‌హాల్ కడదామన్నాడు. పెండ్లిళ్లకు నెక్కొండకు పరుగెత్తే బాధ తప్పుతుందని అందరికీ నచ్చింది. హెప్సిబాకు బస్టాండ్ దగ్గర ఒక గది ఇస్తారట, కరెంటు గిర్ని అక్కడ నడుపుకోవచ్చట. ఆలోచిస్తే ఆమెకు లాభమే. గిరాకీ పెరుగుతుంది, వానకు కారే పైకప్పు బాధ పోతుంది.

అయినా ఆమెకు భయం వేసింది. ఎందుకో ఆమెకే అర్థం కాలేదు. మొగుడి వస్తువులు ఒక్కొక్కటిగా పోయాయి; సైకిల్ అమ్మేసింది, అంగీలు పంచేసింది, ఉలి ఎవరో అడుక్కుపోయి మళ్లీ తేలేదు. ఆయన చేతి పని అంటూ ఈ భూమ్మీద మిగిలింది ఆ తిరగని చక్రం ఒక్కటే. అది పోతే ఆయన అసలు బతికే లేనట్టవుతుందని అనిపించింది. ఆ మాట నలుగురిలో చెప్పే మనిషైతే ఆమె హెప్సిబా ఎందుకవుతుంది? లేచి నిలబడి గడ్డం దొర మొదలుకొని కాకతీయుల దాకా అందరినీ అడ్డం పెట్టుకుని వాదించింది. ప్రవీణ్ నవ్వాడు.

"అది తిరిగిన చక్రమైతే కదా వదినా. అన్న చెక్కిన కాడికెల్లి ఒక్క పిడికెడన్న పిండి పట్టిందా?"

జనం గొల్లుమన్నారు. ఇరవై ఏండ్లుగా ఆమె వేస్తున్న జోకే అది. ఇంకొకరి నోట్లోంచి వస్తే ఎందుకో కడుపు మండిపోయింది. మండితే ఆమె నోటికి అదుపు ఉండదు.

"కోత పండుగనాడు చర్చిల ఇచ్చే రొట్టెకు ఆ రాయి మీదనే, ఆ నీళ్లతోనే పిండి పట్టిస్త. పట్టకపోతే నేనే గడ్డపార తెచ్చి మొదటి దెబ్బ కొడ్త" అంది.

కొత్తగా వచ్చిన పాస్టర్ జోయెల్ అయ్యగారు చిన్నవాడు, సంఘంలో ఎవరితోనూ పెట్టుకోవడం ఇష్టం లేనివాడు. ఆయనకు ఈ మాట దేవుడిచ్చిన దారిలా దొరికింది. గిర్ని పట్టితే ఉంటుంది, పట్టకపోతే పోతుంది అని వెంటనే ప్రార్థన చేసి మీటింగు ముగించేశాడు. హెప్సిబా ఇంటికొచ్చి తలుపేసుకుని తన నోటిని తనే నానా తిట్లూ తిట్టుకుంది. తిరగదని ఆమెకు తెలియదా?

మర్నాడు ఆమె సావాసగత్తె భాగ్యమ్మ వచ్చింది. భాగ్యమ్మ వాళ్లది మగ్గం నేసే ఇల్లు. చర్చికీ ఆమెకూ ఏ సంబంధమూ లేదు గానీ, గిర్నిలో కూర్చుని మాట్లాడే హక్కు మాత్రం గడ్డం దొర కాలం నుంచి ఆమె వంశానికి ఉంది. ఇద్దరూ కలిసి యూత్ పిల్లలను పోగుచేసి గొయ్యి శుభ్రం చేయించారు. ప్లాస్టిక్ కవర్లూ, ఒక పాముకుబుసమూ, ఎప్పుడో పోయిన లిదియమ్మ కళ్లజోడూ దొరికాయి. ఇరుసుకు ఆముదం రాశారు. యాసంగి పంటకు చెరువు నీళ్లు వదిలిన రోజున, పిల్లకాలువ మొగ దగ్గర పలక ఎత్తమని భాగ్యమ్మకు చెప్పి, హెప్సిబా గది గడప మీద కండ్లు మూసుకుని నిలబడింది.

నీళ్లు ధడేలున వచ్చి పడ్డాయి. కింద ఏదో మూలిగింది. తర్వాత గడప అదిరింది. కండ్లు తెరిచి చూస్తే పైరాయి తిరుగుతోంది. ఆలోచించడమూ లేదు, ఆగడమూ లేదు. గుండ్రంగా, నిదానంగా, ఎప్పటి నుంచో అదే పని చేస్తున్నట్టు తిరుగుతోంది. హెప్సిబా కాసేపు నోరు తెరుచుకుని చూసింది. ఆ వెంటనే మొగుడి మీద ఎక్కడలేని కోపమొచ్చింది.

"బతికున్నప్పుడు తిప్పరాకపాయె. పోయినంక తిప్పుతాండు" అంది.

నిరుడు కాలువ మరమ్మతులకు జేసీబీ వచ్చి ప్రవీణ్ గట్టు కింది పాత గొట్టం పీకేసి కొత్తది వేసిన సంగతి భాగ్యమ్మ గుర్తు చేసింది. ఆ రోజంతా ప్రవీణ్ దుకాణం మూసుకుని జేసీబీ దగ్గరే నిలబడి, డ్రైవర్‌కు చాయ్ మీద చాయ్ తెప్పించాడట. కొత్త గొట్టం పెద్దది, చెరువులో నీళ్లు ఎక్కువ, అందుకే తిరిగిందని హెప్సిబా తేల్చేసింది. ఊరంతా వచ్చి చూసి పోయింది. ప్రవీణ్ మాత్రం రాలేదు. పండుగ దాకా హెప్సిబా కాళ్లు నేల మీద లేవు.

పండుగకు ముందు శనివారం వచ్చింది. రొట్టె పిండికి ఇంటికి పిడికెడు చొప్పున గోధుమలు ఇవ్వడం ఆ సంఘంలో ఆనవాయితీ. ఆ గోధుమలన్నీ కడిగి చాప మీద ఆరబోశారు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అంతలో ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు గిర్ని ఆగిపోయింది. పండుగ విందు కూరకు కావాల్సిన మిరపకాయల బస్తా ఇంకా పట్టకుండా అక్కడే ఉంది. వంటవాళ్లు వచ్చి నెత్తిన కూర్చున్నారు. కొత్త పంట, తేజ రకం, బస్తా మూతి విప్పితేనే పక్కింటి కుక్క తుమ్మింది.

ఇక్కడే మన హెప్సిబా బుద్ధి గడ్డి తిన్నది. ఊరంతా చూస్తోంది, రాయి తిరుగుతోంది, పొగడ్తలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. అత్త చెప్పిన మాట గుర్తు రాలేదని కాదు, గుర్తొచ్చింది. చాదస్తమని పక్కన పెట్టింది. బస్తా తీసుకొచ్చి నీళ్ల రాళ్ల మధ్య పోసింది. కారం అద్భుతంగా పట్టింది, మెత్తగా, ఎర్రగా. వంటవాళ్లు దండం పెట్టి పట్టుకుపోయారు.

కారం పట్టాక నూకలు పోసి రాయి కడగడం గిర్నివాళ్ల పద్ధతి. కరెంటు గిర్నికి ఒక గిన్నెడు నూకలు చాలు. ఆమె అలవాటు కొద్దీ ఒక గిన్నెడే పోసింది. కానీ నీళ్ల రాళ్లు వేరు. వాటి ముఖం మీద వేలు పట్టేంత గాళ్లు ఉంటాయి, ఆ గాళ్లలో కారం దాక్కుంటుంది. లిదియమ్మ చాదస్తానికి అసలు కారణం అదే. భాగ్యమ్మ ముక్కు కొంగుతో మూసుకుని, జర ఇంకో గంపెడు నూకలు పొయ్యరాదే అని రెండుసార్లు అంది. గిర్ని నాదా నీదా అని హెప్సిబా ఎగిరిపడింది. గోధుమలు ఆరాయి, పోసింది, పట్టింది. పిండి కొంచెం గులాబీ రంగుగా ఉంటే, పాత రాయి కదా అట్లనే ఉంటదని సర్దిచెప్పింది. వాసన చూద్దామంటే ఆమె ముక్కుకు కారం వాసన తెలియక ఎన్నేళ్లయిందో! అయ్యగారి భార్య ప్రీతి ఆ పిండి తీసుకుపోయి రొట్టెలు చేసింది. ప్రీతికి అప్పటికే జలుబు. పిండి పిసుకుతూ తుమ్మిందంటే జలుబుకేనని ఆమె అనుకోవడంలో తప్పులేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. కిటికీలకు వరి కంకులు కట్టారు. బల్ల ముందు గుమ్మడికాయలు, చెరుకుగడలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. పెద్ద అయ్యగారు ఒకాయన పైనుంచి వచ్చాడు. వాక్యం చెప్పడంలో గట్టివాడు, ముగించడంలో కాస్త వెనకాముందు. ప్రభువు శరీరానికి గుర్తుగా రొట్టె ఇచ్చే వేళ అయింది. హెప్సిబా ముందు వరుసలో కొత్త చీర కట్టుకుని, గెలిచిన మనిషిలా కూర్చుంది. పండుగ కదా అని రొట్టె ముక్కలు పెద్దవిగా విరిచారు. సంఘమంతా తీసుకుంది. ద్రాక్షరసం కూడా అయింది.

మొదట వెనక వరుసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. తర్వాత ఎడమ దిక్కున ఇద్దరు. కాసేపటికి ఆడవాళ్ల వైపు కొంగులు కండ్ల మీదికి పోయాయి. మగవాళ్లు తల వంచుకుని భుజాలు కదిలిస్తున్నారు. ప్రభువు రొట్టె కారంగా ఉందని చర్చిలో ఎవరంటారు? ఎవరికి వారే తమ నోటి దోషమనుకున్నారు, పక్కవాడు మాత్రం నిజంగా ఏడుస్తున్నాడనుకున్నారు. పెద్ద అయ్యగారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకూ నీళ్లు ఆగడం లేదు. ఇన్నేళ్ల సేవలో ఇట్లాంటి ఉజ్జీవం, ఇంతమంది గుండెలు ఒకేసారి కరగడం చూడలేదని, పరిశుద్ధాత్మ దిగి వచ్చాడని చెప్పాడు. మనసులో ఎవరికేం ఉన్నా ఇప్పుడే లేచి ఒప్పుకోమన్నాడు.

హెప్సిబాకు రొట్టె నాలుక మీద పెట్టుకోగానే తెలిసిపోయింది. ఆమె కండ్లకు కారం ఎక్కదు గానీ నాలుక ఇంకా బతికే ఉంది. సంగతి బయటపడితే గిర్ని పోతుంది, పరువు పోతుంది, ప్రభువు బల్ల అపవిత్రం చేసిందన్న పేరు చచ్చేదాకా ఉంటుంది. సంఘమంతా కన్నీరు కారుస్తుంటే తను ఒక్కతే పొడి కండ్లతో కూర్చుంది. పక్కవాళ్లు అదోలా చూస్తున్నారు. ఏడుపు నటిద్దామని కొంగు తీసింది గానీ, రానిది ఎక్కడి నుంచి వస్తుంది?

ఈలోపు జనం లేవడం మొదలుపెట్టారు. ఒకాయన పెద్ద గుమ్మడికాయ ఇంట్లో దాచుకుని చిన్నది చర్చికి తెచ్చానని ఒప్పుకున్నాడు. ఒకామె, కానుకగా తెచ్చిన కోడికి రెండు రోజులుగా బాగాలేదని చెప్పింది. విందు వండేవాళ్లు ఆ కోడి వైపు చూశారు. పెద్ద అయ్యగారు ఒక్కొక్క మాటకూ హల్లెలూయ చెబుతూ కండ్లు తుడుచుకుంటున్నాడు.

అప్పుడు ప్రవీణ్ లేచాడు. ముఖమంతా ఎర్రబడింది, ముక్కు కారుతోంది, కన్నీళ్లు చొక్కా మీద పడుతున్నాయి. అంత పెద్దమనిషి అట్లా నిలబడేసరికి అందరూ మెడలు చాచి చూశారు.

"నేను ఎన్నడు ఏడ్వనోన్ని. ఇయ్యాల ఆగుతలేవు" అన్నాడు. చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "ప్రకాశమన్న చక్రం పెట్టిన ఏడు, గిర్నికి నీళ్లు పోతే మా మడికి తక్కువైతయని, గట్టు కింది గొట్టంల మట్టిబస్తాలు కుక్కింది నేనే. చక్రం మంచిగనే ఉండె. అన్న వచ్చి గొట్టం చూస్తనంటె నేనే తవ్వనియ్యలే. ఊరంత నవ్వుతాంటే నేను గూడ నవ్విన. నిరుడు జేసీబీ ఆ బస్తాలు తీసేదాకా నాకు ఫికరే. అన్న లేడు. వదినా, నన్ను మాఫ్ చెయ్యి."

మాఫీ మాట వినగానే జనమంతా హెప్సిబా వైపు తిరిగారు. ఆమె నోటి సంగతి ఎరిగినవాళ్లు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. ఇక గిర్నిని ఎవరూ ముట్టరని అక్కడున్న అందరికీ అర్థమైపోయింది, ఆమెకు కూడా. రెండు నెలలుగా ఏ గెలుపు కోసం రాత్రింబవళ్లు రగిలిపోయిందో అది ఒళ్లో వచ్చి పడింది. ఆమెకు మాత్రం గెలుపు కనిపించలేదు. గొయ్యిలో చక్రం పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషి కనిపించాడు. నీళ్లు వస్తలేవే హెప్సీ, చక్రం తప్పు కాదే అని ఆయన చెప్పాడు. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాడు. ప్రవీణ్ గొట్టాన్ని మూశాడు సరే. ఆయన నోటిని మూసింది ఎవరు? తను నమ్మి ఉంటే, ఒక్క పూట మొగుడి దిక్కు నిలబడి ఆ గట్టు తవ్వించి ఉంటే, ఆయన తన చక్రం తిరగడం చూసి పోయేవాడు.

ఆమె లేచి నిలబడింది. ప్రవీణ్‌ను తిట్టలేదు. అసలు అతని వైపే చూడలేదు.

"మా ఆయన మంచిగ చెక్కిండు" అంది, చర్చిలో అందరికీ వినబడేటట్టు. "ఇన్నరా? మా ఆయన చక్రం మంచిగ చెక్కిండు."

బెంచీ మీద కూలబడి, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా, చిన్నపిల్లలాగ వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తకూ మొగుడికీ బాకీ ఉన్న ఏడుపంతా అప్పుడే వచ్చింది. ముందు వరుసలో ఉన్నవాళ్లు తమ కండ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూశారు. పెద్ద అయ్యగారు పాట ఎత్తుకుని చివరిదాకా ఒక్కడే పాడుకున్నాడు.

ప్రీతికి జలుబైతే జలుబు గానీ తెలివితక్కువేం కాదు. రొట్టె తిన్న దగ్గర నుంచి సంఘమంతా నీళ్ల బాటిళ్ల కోసం వెతుక్కోవడం చూసి, నిన్న పిండి గులాబీ రంగుగా ఉండడం గుర్తు తెచ్చుకుని, మెల్లగా విషయం కనిపెట్టేసింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి హెప్సిబా పక్కన కూర్చుని, ఎవరికీ వినబడకుండా చెవిలో చెప్పింది.

"కొన్ని నీళ్లు తాగుండ్రి ఆంటీ. రొట్టెల కారం పడ్డట్టుంది, కండ్ల నీళ్లు అందుకేనేమో."

హెప్సిబా గ్లాసు తీసుకోలేదు. పిల్ల చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

"పడ్డది బిడ్డా. నేనే పోసిన" అంది. "గని నాకు కారం ఎక్కదు."